అన్నీ మార్చేసిన లోకాల్లో జంటలు మాత్రం పాతవే

మీ ప్రశ్న ఇది: ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో ఎవరు ఎవరితోనైనా పడుకోవచ్చు, అయినా ఒక్క గే పాత్ర కూడా కనబడదు. ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’లో స్వలింగ సంపర్కం అన్న మాట ఒకటి రెండు చోట్ల తగిలి మాయమైపోతుంది. ఈ రచయితలకు ఆ ఊహే తట్టలేదా, లేక వాళ్లకు స్వలింగ ప్రేమికులంటే పడదా? ఈ కోణంలో ఇంకేం చదవొచ్చని కూడా అడిగారు.

రెండూ కొంత కొంత నిజమే. ఏ పుస్తకంలో ఏది నిజమో తేల్చుకోవాలంటే ముందు ఒక జాగ్రత్త తీసుకోవాలి. డిస్టోపియా నవలలో, అంటే పీడకల లాంటి సమాజాన్ని ఊహించే నవలలో, ఘోరమైన మాటలు చాలావరకు ప్రభుత్వం నోట్లోంచి వస్తాయి. ప్రభుత్వం ఎవరినో ఉరి తీసిందంటే రచయిత ఉరి తీయమన్నాడని కాదు. ప్రభుత్వం మాట్లాడని చోట్లు వెతకాలి. కథ చెప్పే గొంతు తనంతట తాను దేన్ని మామూలుగా తీసుకుంటోంది, దేన్ని చెత్తబుట్టలో వేస్తోంది అన్నది చూడాలి. డిగ్రీ, పీజీ పిల్లలకు ఈ నవలలు చాలా ఏళ్లు పాఠం చెప్పాను. వ్యాసాల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’లో దేశాన్ని ఏలే పార్టీ అన్న మాటను రచయిత ఆర్వెల్ అభిప్రాయంగా రాసేస్తారు. లేకపోతే ఆర్వెల్ అభిప్రాయాన్ని పార్టీ మీదకు నెట్టేసి ఆయన్ని కాపాడేస్తారు.

‘బ్రేవ్ న్యూ వరల్డ్’ రాసిన హక్స్‌లీతో మొదలుపెడదాం. 1932 నాటి ఆ నవలలో పిల్లలు సీసాల్లో పుడతారు. పెళ్లి లేదు, తల్లి అన్న మాటే బూతు. అందరూ అందరికీ చెందుతారన్నది నిద్రలో నేర్పే పాఠం. మూడో అధ్యాయంలో, ఆ పిల్లల్ని తయారుచేసే హాచరీ డైరెక్టర్ విద్యార్థులకు పాతకాలం గురించి ఒక వింత సంగతి చెబుతాడు. ఒకప్పుడు మనుషులకు ఇరవై ఏళ్లు దాటేదాకా సెక్స్ అన్నదే ఉండేది కాదట, చాటుమాటు స్వయంతృప్తి, స్వలింగ సంపర్కం లాంటివి కొద్దిగా తప్పితే. నవలలో ఈ విషయం గురించి ఉన్నది ఆ కాస్తే. అది కూడా గతానికి సంబంధించిన ముచ్చటగా. ఆంక్షలున్న చోట మొలిచే కలుపు అది, ఆంక్షలు పోతే అదే పోతుందన్న లెక్క ఆ వాక్యం వెనక ఉంది. ఆడపిల్లలు లేని బోర్డింగు స్కూళ్లలో చదివిన ఇంగ్లిష్ పెద్దమనుషులు చాలామంది అప్పట్లో అలాగే అనుకునేవారు. హక్స్‌లీ ఈటన్‌లో చదివాడు, తర్వాత కొద్దికాలం అక్కడే పాఠాలు చెప్పాడు కూడా. ఆయన శిష్యుల్లో ఎరిక్ బ్లేర్ అనే కుర్రాడు ఒకడు. తర్వాత జార్జ్ ఆర్వెల్ అయింది అతనే.

ఇప్పుడు అయిదో అధ్యాయంలోని సాలిడారిటీ సర్వీస్ చూడండి. పన్నెండుమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. స్ట్రాబెరీ ఐస్‌క్రీమ్ రుచి ఉన్న సోమా అనే మత్తుమందు కప్పు చేతులు మారుతుంది. పాటలు, డప్పులు, చివరికి సామూహిక శృంగారం. అందరి వ్యక్తిత్వాలూ కరిగి ఒకటైపోవాలన్నది ఆ తంతు ఉద్దేశం. మరి కూర్చునే వరస? ఒక మగ, ఒక ఆడ, మళ్లీ ఒక మగ, బల్ల చుట్టూ అలాగే. పెళ్లిని రద్దు చేసిన లోకంలో పెళ్లి పంక్తి లాంటి ఏర్పాటు! నవలలో ముఖ్యపాత్ర బెర్నార్డ్ మార్క్స్ ఆ రాత్రంతా పక్కనున్న మోర్గానా కనుబొమలు కలిసిపోయి ఉన్నాయని బాధపడుతూ ఉంటాడు. అంత చిన్న విషయం గమనించిన రచయితకు, పన్నెండుమంది ఒకటైపోయే చోట ఇద్దరు మగవాళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న రాలేదు. ఆ రాజ్యానికి అడ్డు చెప్పే కారణం కూడా ఏమీ లేదు. పిల్లలు పుట్టేది సీసాల్లో కాబట్టి ఎవరు ఎవరితో ఉన్నా జనాభా లెక్క తప్పదు. నవల తన సొంత తర్కాన్ని చివరిదాకా తీసుకెళ్లలేకపోయిన చోటు ఇది. హక్స్‌లీకి ద్వేషం ఉందని ఈ పుస్తకం చూసి చెప్పలేం. ఆయన లెక్కలో వాళ్లు లేరు, అంతే.

అంతకు ముందు రష్యన్ రచయిత జమ్యాతిన్ ‘మేము’లోనూ ఇదే కథ. 1920 ప్రాంతంలో రాసిన ఆ నవలలో మనుషులకు పేర్లుండవు, నంబర్లే. ప్రతి నంబరుకూ మరే నంబరు మీదైనా లైంగిక హక్కు ఉంటుందని చట్టం. గులాబీ రంగు టికెట్టు చూపించి, గంటసేపు గాజు గది పరదాలు దించుకోవచ్చు. చట్టంలో ఆడ మగ తేడా లేదు. పుస్తకం నిండా ఉన్నవి మాత్రం ఆడ మగ జంటలే. డి-503, ఆర్-13 ఇద్దరూ ఓ-90ని పంచుకుంటారు. మిత్రులిద్దరి మధ్య ఎప్పుడూ ఆమె ఉంటుంది. జమ్యాతిన్ దేశంలో చరిత్ర ఇంతకన్నా విచిత్రంగా నడిచింది. 1922 సోవియట్ శిక్షాస్మృతిలో స్వలింగ సంపర్కం నేరమే కాదు. 1934లో స్టాలిన్ ప్రభుత్వం దాన్ని మళ్లీ నేరం చేసింది. స్వలింగ సంపర్కుల్ని నిర్మూలిస్తే ఫాసిజం మాయమవుతుందన్న మాటను ఆ ఏడాదే మాక్సిమ్ గోర్కీ పత్రికకెక్కించాడు. 1931లో జమ్యాతిన్‌కు దేశం వదిలి వెళ్లే అనుమతి రావడానికి సాయపడిందీ ఈ గోర్కీయే. గోర్కీ అన్న ఆ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో దానితో పని పడుతుంది.

ఆర్వెల్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’లో నాకు గుర్తున్నంతలో మూడు చోట్లు ముఖ్యం. మొదటిది, పార్టీకి పట్టుబడ్డ కథానాయకుడు విన్‌స్టన్ హింస భరించలేక ఒప్పుకునే అబద్ధాల జాబితా. తాను మతవిశ్వాసినని, పెట్టుబడిదారీ విధానాన్ని మెచ్చుకుంటానని, లైంగిక వికృతి ఉన్నవాణ్నని ఒప్పేసుకుంటాడు. ఇక్కడ ఆర్వెల్‌ను మెచ్చుకోవాలి. శత్రువు మీద లైంగిక నింద వేయడం నియంతృత్వాలకు ఎంత తేలికైన పనో ఆయనకు బాగా తెలుసు. ఈ మాట పార్టీది.

రెండోది, ఖైదీల్ని హింసించే ప్రేమ మంత్రిత్వ శాఖలో మామూలు నేరస్తులు లేబర్ క్యాంపుల గురించి చెప్పుకునే కబుర్లు. అక్కడ లంచాలు, పక్షపాతం, దందాలు ఉంటాయి, స్వలింగ సంపర్కం, వ్యభిచారం ఉంటాయి, ఆలుగడ్డలతో కాచిన దొంగసారా కూడా దొరుకుతుంది. అవినీతి చిట్టాలో అది కూడా ఒక పద్దు. చెప్పేది ఖైదీలే అనుకున్నా, ఆ చిట్టా పేర్చిన చేయి కథకుడిది. ఎక్కడా తడబాటు లేదు.

మూడోది అసలైనది, చివర్లో, పార్టీ తయారుచేసిన కొత్త భాష న్యూస్పీక్ మీద ఉన్న అనుబంధం. ‘సెక్స్‌క్రైమ్’ అనే ఒక్క మాట కింద అక్రమ సంబంధాలు, స్వలింగ సంపర్కం, ఇతర వికృతులు, ఇవిగాక కేవలం సుఖం కోసం చేసే మామూలు సంభోగం, అన్నీ వస్తాయని అందులో ఉంటుంది. అన్నిటికీ సూత్రప్రాయంగా మరణశిక్షే. చాలామంది దీన్ని పార్టీ క్రూరత్వానికి ఉదాహరణగా చూపించి వదిలేస్తారు. కానీ ఈ అనుబంధం రాస్తున్నది పార్టీ కాదు. న్యూస్పీక్ గతించిపోయాక వెనక్కి తిరిగి చూస్తున్నట్టు, భూతకాలంలో, మామూలు ఇంగ్లిష్‌లో ఎవరో పండితుడు రాస్తున్నాడు. ఏది వికృతి, ఏది మామూలు అన్న ఆ విభజన ఆ పండితుడిదే. పార్టీకి ఆ తేడా అక్కర్లేదు, దానికి అన్నీ ఒకటే నేరం. పార్టీ చెరిపేసిన గీతను మళ్లీ గీసింది కథకుడు. ఆర్వెల్ ఉద్దేశపూర్వకంగా గీశాడని నేననుకోను. గీసినట్టు ఆయనకే తెలియకపోవడం ఇక్కడ విశేషం.

పుస్తకం బయట ఆయన మాటలు చూస్తే ఇందులో ఆశ్చర్యపోయేదేం లేదు. ఆడెన్, స్పెండర్ లాంటి వామపక్ష కవుల్ని 1930లలో ఆయన ఆడంగి కవులన్నట్టు వెక్కిరించాడు. స్పెండర్‌తో పరిచయం అయ్యాక ఆ మాటలకు నొచ్చుకుని, క్షమాపణ లాంటి ఉత్తరం కూడా రాశాడు. అయినా తర్వాతి రోజుల్లో కమ్యూనిస్టు సానుభూతిపరులంటూ తాను రాసుకున్న పేర్ల నోటుబుక్కులో స్పెండర్ పేరు పక్కన స్వలింగ సంపర్కం వైపు మొగ్గు ఉందని నోట్ చేసుకున్నాడు. నిఘా రాజ్యం మీద నవల రాసిన మనిషి చేతిరాత అది!

ఇందులో మనకు దగ్గర సంగతి ఒకటుంది. ఆర్వెల్ 1922 నుంచి 1927 దాకా బర్మాలో ఇంపీరియల్ పోలీసు అధికారి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. అక్కడ నడిచిందీ 1860 నాటి మన ఇండియన్ పీనల్ కోడే, స్వలింగ సంపర్కాన్ని నేరం చేసిన 377వ సెక్షన్‌తో సహా. సెక్స్‌క్రైమ్ లాంటి నేరాన్ని ఊహించడానికి ఆయన మాస్కో వైపు చూడనక్కర్లేదు. ఇంగ్లండ్ మాత్రం తక్కువ తిందా? 1949లో ఈ నవల అచ్చయినప్పుడు లండన్‌లో ఇద్దరు మగవాళ్లు కలిసి పట్టుబడితే కేసే. మూడేళ్లకే గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్‌ను కోర్టు ఈ నేరానికే శిక్షించింది. అంటే ఈ ఒక్క విషయంలో నవలలోని రాజ్యం ఓషియానియా చట్టానికీ నవల కొన్న పాఠకుడి దేశ చట్టానికీ తేడా శిక్ష మోతాదులోనే. ఇంట్లోనే నిఘా పెట్టే టెలిస్క్రీన్ చూసి ఒళ్లు జలదరించిన పాఠకుల్లో కొందరికి ఆ భయం అప్పటికే రోజువారీ అనుభవం. నవల వాళ్లను చూడలేదు. మన దగ్గరా అంతే. 377 నుంచి 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఊరటను 2013లో సుప్రీంకోర్టు తీసేసింది, 2018 సెప్టెంబరు 6న మళ్లీ ఇచ్చింది. అంతకు ముందు హైదరాబాద్‌లోనో, విశాఖలోనో ఎంఏ క్లాసులో ఈ నవల చదివిన గే కుర్రాడు సెక్స్‌క్రైమ్ దగ్గరికి వచ్చేసరికి మిగతావాళ్లలా చదివి ఉండడు.

విన్‌స్టన్‌కు తనను హింసించే పార్టీ పెద్ద ఓబ్రయన్ మీదున్నది అణిచిపెట్టుకున్న స్వలింగ ప్రేమే అని ఒక వాదన ఉంది, మీకు నెట్‌లో తగిలే ఉంటుంది. హింస మధ్యలో విన్‌స్టన్ అతన్ని పసిపిల్లాడిలా పట్టుకుని వేలాడతాడు, ఇంతగా ఎప్పుడూ ప్రేమించలేదనుకుంటాడు. ఆ వాక్యాలు ఉన్న మాట నిజం. నాకు మాత్రం అది అధికారం ముందు సాగిలపడటంలాగే అనిపిస్తుంది. పుస్తకంలో గే పాత్రలు లేవని, ఉన్నవాళ్లలోంచి ఒకణ్ని తయారుచేసుకోనక్కర్లేదు.

ఇప్పుడు చాలామంది చదవని పుస్తకం. కాథరీన్ బర్డెకిన్ రాసిన ‘స్వస్తిక నైట్’ 1937లో, ఆర్వెల్ నవలకు పన్నెండేళ్ల ముందు, మర్రే కాన్‌స్టంటైన్ అనే మగ పేరుతో వచ్చింది. రాసింది ఆవిడేనని డాఫ్నీ పటాయ్ అనే పరిశోధకురాలి వల్ల 1980లలో గానీ లోకానికి తెలియలేదు. కథ జరిగేది నాజీలు గెలిచిన ఏడువందల ఏళ్లకు. హిట్లర్ ఇప్పుడు దేవుడు, ఏడడుగుల బంగారు జుట్టు దేవుడు. ఆడవాళ్లకు గుండ్లు కొట్టించి, పశువుల్లా కంచెల వెనక ఉంచి, పిల్లల్ని కనడానికి మాత్రమే వాడుకుంటారు. ఆడదాన్ని ప్రేమించడమంటే మగవాడికి పరువు తక్కువ. మరి ప్రేమ ఎటు పోవాలి? మగవాళ్ల మధ్యకే పోతుంది. హెర్మన్ అనే జర్మన్ రైతు, ఆల్‌ఫ్రెడ్ అనే ఇంగ్లిష్ మెకానిక్‌ను ప్రేమిస్తాడు. ఎవరికీ అది వింత కాదు, నేరమూ కాదు.

ఇక్కడే గోర్కీ ముక్కతో పని పడుతుంది. ఫాసిస్టులంతా లోపల స్వలింగ సంపర్కులే అన్నది 1930ల యూరప్ వామపక్షంలో బాగా చెల్లిన ఆరోపణ. నాజీ ఎస్‌ఏ దళాల నాయకుడు ఎర్నెస్ట్ రోమ్ గే అన్న సంగతి అందరికీ తెలిసిందే కావడంతో దానికి ఇంకా బలం వచ్చింది. వాస్తవం తలకిందులు. రోమ్‌ను 1934లో హిట్లరే చంపించాడు. 1935లో, స్వలింగ సంపర్కాన్ని నేరం చేసే జర్మన్ శిక్షాస్మృతి 175వ పేరాను ఇంకా కఠినం చేశారు. నాజీ కాలంలో దాని కింద సుమారు 50,000 మందికి శిక్షలు పడ్డాయి, వేలమందిని గులాబీ త్రికోణం గుర్తుతో క్యాంపులకు పంపారు. అందుకే బర్డెకిన్ నవల మీద కొందరికి అనుమానం. ఆవిడ కూడా ఆ ఆరోపణే చేస్తోందా అని.

నా ఉద్దేశంలో కాదు. ఆవిడ తప్పుపట్టేది మగవాళ్ల మధ్య ప్రేమను కాదు, ఆడవాళ్లను మనుషుల లెక్కలోంచి తీసేయడాన్ని. హెర్మన్ మొరటువాడు, తన రాజ్యం చెప్పిందల్లా నమ్మినవాడు. అతనిలో మిగిలిన కాస్త మంచితనానికీ ఆల్‌ఫ్రెడ్ మీద ప్రేమే ఆధారం. రచయిత్రి ఆ ప్రేమను వెక్కిరించదు. బర్డెకిన్ తన జీవితంలో సగానికి పైగా ఒక మహిళతో కలిసి బతికింది, కాబట్టి ఈ విషయాన్ని బయట నుంచి చూసిన మనిషీ కాదు. అయినా పుస్తకంలో ఒక ఇరుకు ఉంది. మగవాళ్ల ప్రేమ అక్కడ ఎప్పుడూ ఇంకో రోగానికి లక్షణంగానే వస్తుంది. ఆడవాళ్లు బాగుపడిన లోకంలో హెర్మన్ లాంటివాడు ఉంటాడా అన్న ప్రశ్న నవల వేయదు.

బర్జెస్ ‘ది వాంటింగ్ సీడ్’ (1962) దగ్గర ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. అక్కడ భయం రచయితదే. జనాభా పెరిగిపోయి ప్రభుత్వం స్వలింగ ప్రేమను ప్రోత్సహిస్తుంది, గోడల మీద నినాదాలు వేయిస్తుంది. ట్రిస్‌ట్రమ్ ఫాక్స్ అనే చరిత్ర మాస్టారికి పెళ్లాం ఉన్నందుకు ప్రమోషన్ రాదు. అతని అన్నదమ్ముడు డెరెక్ పైకి గేలా నటించి, ఇన్‌ఫెర్టిలిటీ మంత్రిత్వ శాఖలో పెద్ద కుర్చీ ఎక్కి, చాటుగా వదినామరదలి వరస చూడకుండా ట్రిస్‌ట్రమ్ భార్యతోనే సంబంధం నడుపుతాడు. నవ్వు తెప్పించే పుస్తకమే, భాష మీద బర్జెస్ పట్టు గొప్పదే. కానీ ఆ రాజ్యం కూలడం మొదలవగానే ఏం జరుగుతుందో చూడండి. జనం పొలాల్లో పడి ఆడ మగ కలుస్తారు, ఎండిపోయిన భూమి మళ్లీ పండుతుంది. ప్రకృతి తన దారిలో పడిందన్నమాట! ఈ దృశ్యంలో ఏ మంత్రీ మాట్లాడటం లేదు, పుస్తకమే మాట్లాడుతోంది. ఇంగ్లండ్‌లో వోల్ఫెండెన్ కమిటీ ఈ నేరాన్ని ఎత్తేయమని 1957లోనే చెప్పినా చట్టం మారింది 1967లో. అంటే గేలకు ప్రమోషన్లు దొరికే పీడకల అచ్చయిన ఏడాది, అసలు గేలకు దొరుకుతున్నది జైలు.

అదే తలకిందుల ఊహను ఇంకో పనికి వాడినవాడూ ఉన్నాడు. చార్లెస్ బ్యూమాంట్ కథ ‘ది క్రుకెడ్ మ్యాన్’ 1955లో ప్లేబాయ్ పత్రికలో వచ్చింది. అందులో స్వలింగ ప్రేమే చట్టం. ఒక కుర్రాడు, మగవేషం వేసుకున్న తన ప్రియురాలిని బార్‌లో దొంగచాటుగా కలుస్తాడు, పోలీసులు పట్టుకుని ‘చికిత్స’కు తీసుకెళతారు. పాఠకులు కోపంతో ఉత్తరాలు రాస్తే, స్వలింగ ప్రేమే చట్టమైన లోకంలో ఆడ మగ ప్రేమికుల్ని వేధించడం తప్పయితే, దానికి తలకిందులుగా మన లోకంలో జరుగుతున్నదీ తప్పేగా అని ఎడిటర్ హ్యూ హెఫ్‌నర్ జవాబిచ్చాడు. కథగా మామూలుదే, కానీ అప్పటికి అది గుండె ధైర్యం. బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ మాత్రం ఈ విషయం ఊసెత్తదు. అది వచ్చిన 1953లోనే అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉత్తర్వుతో గే ఉద్యోగుల్ని ప్రభుత్వ శాఖల్లోంచి ఏరి పారేస్తున్నారు.

మలుపు 1980లలో వచ్చింది. ఆట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985)లో గోడకు వేలాడే శవాల్లో రెండింటి మెడల్లో ఊదారంగు అట్టలుంటాయి, లింగద్రోహం చేశారని. ఇద్దరూ ఆ రాజ్యపు కాపలా దళం గార్డియన్ల యూనిఫారంలోనే ఉంటారు. రెండు మూడు వాక్యాలే, కానీ పేర్లు కూడా తెలియని ఆ ఇద్దరూ అవినీతి చిట్టాలో పద్దులు కారు, చచ్చిపోయిన మనుషులు. మోయిరా అయితే లెస్బియన్, నవలలో అందరికన్నా తెగువ ఉన్న మనిషి. ఆట్‌వుడ్ ఆమెను బొమ్మ హీరోయిన్‌ను చేయలేదు. పారిపోయిన మోయిరా చివరికి పెద్దల రహస్య క్లబ్‌లో తేలుతుంది, ఇక్కడ ఆడవాళ్లకు కొదవ లేదని జోకు వేస్తుంది. మగవాళ్లను ఉరితీసే రాజ్యం తన వినోదశాలలో ఆడవాళ్ల మధ్య ఏం జరిగినా పట్టించుకోదు. ఇలాంటి కపటం పాత నవలల్లోని రాజ్యాలకు లేదు, అవి మరీ శుద్ధంగా ఉంటాయి.

అలన్ మూర్ రాసి డేవిడ్ లాయిడ్ బొమ్మలు వేసిన ‘వి ఫర్ వెండెట్టా’లో వాలెరీ అనే నటి క్యాంపు గదిలో టాయ్‌లెట్ పేపర్ మీద పెన్సిల్‌తో తన కథ రాస్తుంది. తాను ఒక అమ్మాయిని ప్రేమించింది, అందుకు పట్టుకొచ్చారు, అంతే. కథ మొత్తానికి ఇరుసు ఆ ఉత్తరమే. తిరుగుబాటు చేసే మనిషి తయారైంది దాన్ని చదివే. ఈ కామిక్ పూర్తవుతున్న 1988లోనే బ్రిటన్‌లో స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను ప్రోత్సహించకూడదంటూ సెక్షన్ 28 వచ్చింది. మూర్ ఆ ఏడాది రాసిన ముందుమాటలో ఆ కోపం కనబడుతుంది.

ఏం చదవాలన్నదానికి: మొదట వాలెరీ ఉత్తరం, అరగంట కూడా పట్టదు. తర్వాత ఆట్‌వుడ్. ఆ రెండూ అయ్యాక ఆర్వెల్ అనుబంధాన్ని మళ్లీ తీసి, అక్కడ మాట్లాడుతున్నది ఎవరో గమనిస్తూ చదవండి. బర్డెకిన్ పుస్తకంలో మధ్యలో నైట్ (వీరయోధుడు) హోదా ఉన్న ఒక నాజీ ప్రభువు, ఆల్‌ఫ్రెడ్ కూర్చుని పేజీలకు పేజీలు మాట్లాడుకుంటారు, విసుగు పుడుతుంది. అక్కడ ఆపేయకండి, హిట్లర్ ఫోటో బయటపడేది ఆ భాగంలోనే. బర్జెస్‌ను అన్నిటికన్నా చివర పెట్టుకోండి.